అన్నం చల్లారే పాట

24 ఏప్రిల్ 2003, గురువారం

బడికి వేసవి సెలవులు ఇచ్చేశారు. వేణి పుట్టింట్లో ఉంది. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. కాశీబుగ్గలో సగం మంది ఇల్లాళ్ళు వేసవిలో పుట్టిళ్ళకు పోతారు. మా ఆవిడ కాస్త ముందుగా, ఉగాది వెళ్ళిన మర్నాడే, ట్రంకు పెట్టె సర్దుకుని పోయింది. తేడా అంతే.

ఇల్లు హాయిగా ఉంది. కుర్చీలో కాళ్ళు చాపుకుని పేపరు చదవచ్చు. "కాళ్లు తియ్యండి, తుడవాల" అనేవాళ్ళు లేరు. రెండుసార్లు చదివాను, ప్రకటనలతో సహా.

ఇంటి యజమానురాలు కామాక్షమ్మగారు గోడ అవతలి వాటాలో ఉంటారు. వీధిలో ఎవరింట ఏం ఉడుకుతోందో వాసన పట్టి చెప్పగల మనిషి. "మీ ఆవిడ ఎప్పుడొస్తుంది మాస్టారూ?" అని ఇవాళ గుమ్మంలో నిలబడి అడిగారు. "వచ్చేస్తుందండీ" అన్నాను. ఆవిడ "ఊఁ" అన్నారు. ఆ ఊఁలో ఒక హరికథ ఉంది.

25 ఏప్రిల్

వంకాయ కూర చేశాను. వంకాయకు క్షమాపణ చెప్పుకోవాలి.

27 ఏప్రిల్, ఆదివారం

మామగారు రామూర్తి కామాక్షమ్మగారింటికి ఫోన్ చేశాడు. ఆయన మాట్లాడితే ఫోన్ అక్కరలేదు, భావనపాడు నుంచి మామూలుగానే వినబడుతుంది. పక్కన కామాక్షమ్మగారు బియ్యం ఏరుతున్నట్టు నటిస్తూ కూర్చున్నారు.

"అల్లుడా! సర్కారోలు రెండు నెలలు వేట ఆపీసినారు గదా, మావోలు సగం మంది పన్లకని పారాదీప్ కాసి పోనారు. జూన్ ఒకటో తారీకున పడవలు దిగుతాయి. ఆ యేల ఊరంతా ఉంటాది. పెద్దలు కూకుంటారు. నువ్వు రా. ఏటో ఒకటి తేల్సీసుకుందాం."

తేల్చుకోవడం అంటే మావాళ్ళలో అర్థం ఒకటే. పెద్దల ముందు మొగుడూ పెళ్ళామూ తమలపాకు చెరో కొన పట్టుకుని చించేస్తారు. కోర్టు లేదు, ప్లీడరు లేదు. ఆకు చిరిగితే పెళ్ళి చిరిగింది.

మావాళ్ళు అని రాశాను గానీ, నాలో సముద్రానికి చెందింది కుల ధ్రువపత్రం ఒక్కటే. నాన్న తపాలా శాఖలో చేరి సముద్రానికి వీపు తిప్పి పలాస వచ్చేశాడు. నేనిక్కడే పుట్టి, బి.ఎస్సీ. బి.ఇడి. చదివి, ప్రైవేటు బడిలో పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్నాను. పెళ్ళయిన కొత్తలో మామగారు ముచ్చటపడి పడవ ఎక్కిస్తే, ఒడ్డు కనబడుతుండగానే వాంతి చేసుకున్నాను. ఎక్కించాల్సిన బావమరిది అప్పన్న అప్పటికే లేడు. మా పెళ్ళికి ముందే సముద్రంలో పోయాడు. ఫోటోలో మీసం బాగుంటుంది.

ఇంతకీ గొడవేమిటి? ఏమీ లేదు. సాయంత్రం అన్నం వార్చగానే వేణికి పాడుకునే అలవాటు. ముందు గదిలో నాకు ట్యూషను. కాస్త నెమ్మదిగా పాడుకోమన్నాను. ఇంత చిన్న మాటకి ట్రంకు పెట్టె సర్దుకుంటారా?

29 ఏప్రిల్

నేను కంగారుపడటం లేదు. ఊరికే రాసుకుంటున్నాను.

1 మే

బజారులో ఈశ్వర్ కేసెట్ల కొట్టు దగ్గర ఆగాను. ఈశ్వర్ నా పాత విద్యార్థి. పదో తరగతి రెండుసార్లు రాసి, ఆ తరవాత చదువును క్షమించి వదిలేశాడు. ఇప్పుడు పెళ్ళిళ్ళకీ దసరాకీ ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. కొట్లో మేకుకు పాత గిటారు ఒకటి వేలాడుతోంది. చూడగానే బుర్రలో దీపం వెలిగింది.

వేణి పాడేది ఒకే పాట. మూడేళ్ళూ అదే. "కూడు సల్లారిపోయె రారా నాయనా, కెరటాలకి తోవ సెప్పి రారా." ముందు గదిలో నేను ట్యూషన్లో ఇరుక్కుని ఉంటే, వంటింట్లోంచి అన్నం చల్లారిపోతోంది రమ్మని పిలుపు. మనిషి మొహం మీద ప్రేమ చెప్పే రకం కాదు, పాటలో చెప్పుకునేది. నేనేమో నెమ్మదిగా పాడమన్నాను. పోనీ, ఆపమన్నాను. ఆ పాటే నేర్చుకుని, గిటారు మీద వాయించి, పెద్దల ముందే పాడితే? ఏ ఆడదైనా ఆకు చించగలదా?

ఈశ్వర్ మొత్తం విని "అదిరిపోద్ది మాస్టారూ, సినిమాల్లో ఇలగే అవుద్ది" అన్నాడు. వాడు సినిమాల వల్లే పది తప్పాడన్న సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

2 మే

గిటారు ఇంటికి వచ్చింది. ఆరు తీగలకు ఐదే ఉన్నాయి. ఆరోది విశాఖపట్నం నుంచి రావాలట. కామాక్షమ్మగారు చూసి "ఇదేమిటండీ?" అన్నారు. "సైన్సు పరికరం" అన్నాను.

4 మే, ఆదివారం

తీగ పొడవు సగం చేస్తే పౌనఃపున్యం రెట్టింపు అవుతుంది. ఎనిమిదేళ్ళుగా బోర్డు మీద రాస్తున్నాను. ఆ సంగతి నా ఉంగరం వేలుకు ఎవరూ చెప్పలేదు. అది తీగ మీద ఉండమంటే పక్క తీగ మీదికి పాకుతుంది. చిటికెన వేలు అసలు నా శరీరంలో భాగమేనా అని అనుమానంగా ఉంది.

ఈశ్వర్ కాసేపు చూసి, "మాస్టారూ, వాయిత్తన్నారా, మందలిత్తన్నారా?" అన్నాడు.

మా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నవాడు. ఇప్పుడు ముందు బెంచీ వాడిది.

6 మే

వేళ్ళ కొసలు బొబ్బలెక్కాయి. అన్నం కలుపుకుంటే మంట. పెరుగు వేసుకుంటే కాస్త నయం. కళ అంటే కష్టం అని పెద్దలు అన్నారు గానీ ఆవకాయ సంగతి ఎవరూ చెప్పలేదు.

9 మే

ఆరో తీగ వచ్చింది. ఐదు తీగల మీద రానిది ఆరు తీగల మీద కూడా రాదని తేలింది.

11 మే, ఆదివారం

పాట చూస్తే నాలుగైదు స్వరాలే. ఎవరైనా వాయిస్తారనుకున్నాను. చిక్కంతా పంక్తి చివర ఉంది. "రారా" దగ్గర వేణి గొంతు పైనుంచి కిందికి జారుతుంది. బావిలో బిందె దిగినట్టు, ఆగకుండా. గిటారుకేమో మెట్లున్నాయి. మెట్టు మెట్టుకీ ఆగి దిగుతుంది. వేలు నొక్కిపెట్టి లాగుతూ జార్చి చూశాను. తీగ కీచుమంది, పక్కింట్లో ఏదో గిన్నె పడింది.

ఈశ్వర్ దగ్గర దీనికి మందు ఉంది. వాడి దగ్గర అన్నిటికీ ఒకటే మందు. "ఆ జారుడు తీసీండి మాస్టారూ. పాట మరీ నీరసంగున్నాది. గిటారులో 'ఏ మైనర్' అని ఓ పట్టున్నాది, దాన్లో ఏసీసి దరువెక్కించీవోలె. ఊరు లేసి గెంతాల!"

దరువెక్కించాం. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. కాలు దానంతట అదే ఆడుతోంది.

14 మే

రెండో చరణం మాటలు సగమే గుర్తున్నాయి. "దీపమెట్టి కూకున్నా రారా నాయనా" తరవాత ఏముంది? మూడేళ్ళు విన్నాను. విన్నానా? చెవిలో పడింది, అంతే.

చేపల బజారులో ఎవరికైనా తెలిసే ఉంటుంది. రేపు అడుగుతాను.

15 మే

అడిగాను. బజారు కొసన పండుగప్ప చేపలు అమ్ముతున్న పెద్దావిడ. భావనపాడు వైపు మనిషిలాగే ఉంది. మొదటి పంక్తి కూనిరాగం తీసి "దీని తరవాత ఏమిటమ్మా?" అన్నాను. చేప కోస్తున్న కత్తి ఆపేసింది.

"తప్పు బాబూ. బజార్లో పాడతారేటి ఆ పాట? మీ ఇంట ఎవులు?"

"మా ఆవిడ" అన్నాను.

"అయ్యో తల్లీ! ఎప్పుడెల్లిపోనాది?"

"ఉగాది మర్నాడు."

ఆవిడ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గొల్లుమంది. పక్క గంపల వాళ్ళు కూడా తిరిగి చూశారు. తరవాత ఒక మంచి చేప ఆకులో చుట్టి చేతిలో పెట్టింది. డబ్బు ఇస్తే తీసుకోలేదు. "నీకు ఒండిపెట్టీవోలు నేరు గదా బాబూ, ఎవులిసేతైనా ఒండించుకో" అంటూ కళ్ళు తుడుచుకుంది. చివరికి మిగతా పంక్తి కూడా చెప్పింది, చెవిలో, ఎవరూ వినకుండా: "తలుపు తీసే ఉంచినా రారా."

పెళ్ళాం పుట్టింటికి పోతే మొగుడి మీద ఇంత జాలిపడే జాతి నా జాతి అని ఇవాళే తెలిసింది. అనవసరంగా ఇన్నాళ్ళూ దూరంగా ఉన్నాను. ప్రేమపాటకి వాళ్ళకున్న సిగ్గు కూడా ముచ్చటేసింది.

చేప నాకు వండటం రాదు. కామాక్షమ్మగారి వాసనకు భయపడి వీధి చివర పిల్లికి వేశాను. జాతికి నా మొదటి ద్రోహం.

19 మే

మామగారు మళ్ళీ ఫోన్ చేశాడు. "వత్తన్నావా?" "వస్తున్నాను." "ఆకులు తెప్పించీమంటావా?" "తెప్పించండి." ఇంత ధైర్యం నాకెక్కడిది? ఏ మైనర్ ఇచ్చిన ధైర్యం.

వేణిని పిలవమని అడుగుదామనుకున్నాను. అడగలేదు. కామాక్షమ్మగారు అప్పటికే నాలుగోసారి బియ్యం ఏరుతున్నారు.

23 మే

వడగాడ్పు. బయటికి పోవడానికి లేదు. గిటారు కూడా చెమట పట్టి శ్రుతి తప్పుతోంది.

ఈ డైరీ ఎవరూ చదవరు. కనక రాస్తున్నాను. నేను నెమ్మదిగా పాడమనలేదు. ఉత్తినే ఆపమనీ అనలేదు. ఆ రోజు ట్యూషన్ పిల్లల్లో ఒకడు కిసుక్కుమన్నాడు, మిగతావాళ్ళు అందుకున్నారు. నేను వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, వాళ్ళకు వినబడేలాగే, "ఏమిటా ఏడుపు? ఇది మీ పేట కాదు, నోరు ముయ్యి" అన్నాను. వేణి గరిటె కింద పెట్టింది. "సరేనండీ" అంది. ఆ తరవాత ఇంట్లో పాట లేదు. ఉగాది దాకా ఉంది, వండింది, వడ్డించింది. పాడలేదు.

వెళ్ళేటప్పుడు ఎందుకని అడిగాను. "ఇక్కడున్నా అక్కడున్నా ఒకటేనండీ మరి" అంది. నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పుకోవడం ఉపాధ్యాయ వృత్తిలో లేదు.

24 మే

నిన్నటిది చించేద్దామనుకున్నాను. వెనక పేజీలో లెసన్ ప్లాను ఉంది.

28 మే

పాట వచ్చేసింది! ఆగకుండా, మొదటినుంచి చివరిదాకా, దరువుతో సహా. ఈశ్వర్ కొట్లో వాయిస్తే కేసెట్లు కొనేవాళ్ళు ఆగి విన్నారు. ఒకాయన అలాంటి కేసెట్టే కావాలన్నాడు. "మాస్టారూ, నాను కూడా వత్తాను. కంజిర కొడతాను. వదినగోరు ఏడిసీకుండా ఉంటే నా పేరు ఈశ్వర్ కాదు" అన్నాడు వాడు.

31 మే

చొక్కా ఇస్త్రీ చేయించాను. నిద్ర రాదు, తెలుసు. పెళ్ళినాడు కూడా ఇంత భయపడలేదు. ఆ ఆకు చినిగితే నేనేం చెయ్యాలి? వంకాయలు, పేపరు, ఎప్పటికీ? వేణి రావాలి. ఇంత పెద్ద డైరీలో ఆ రెండు మాటలు రాయడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది.

1 జూన్, ఆదివారం

ఇవాళ రాయలేను.

2 జూన్

రాస్తాను.

ఈశ్వర్ స్కూటరు మీద వెళ్ళాం. టెక్కలి దాటి, నౌపడ ఉప్పుమళ్ళ మీదుగా. వెనక సీట్లో గిటారు కౌగిలించుకుని నేను. ఎదురొచ్చిన ప్రతివాడూ మమ్మల్ని చూసి నవ్వాడు. భావనపాడు పక్కనున్న మావాళ్ళ పేటకు చేరేసరికి ఊరంతా ఇసకలో ఉంది. పడవలకు పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. డప్పులు మోగుతున్నాయి. గంగమ్మకు కొబ్బరికాయలు కొడుతున్నారు. ఆడవాళ్ళ గుంపులో వేణి కనబడింది. చిక్కింది. నన్ను చూసింది, చూడనట్టు తల తిప్పుకుంది. చాలు, చూసింది గదా.

పెద్దలు పడవలు దిగాక కూర్చుంటారట. ఈశ్వర్ ఆగలేదు. "మూడ్ బాగున్నాది మాస్టారూ, ఇప్పుడే ఏసీండి" అన్నాడు. మొదటి పడవను పదిమంది భుజాలు ఆనించి నీళ్ళలోకి తోయబోతున్నారు. నేను బోర్లించిన పాత తెప్ప మీద కూర్చుని ఏ మైనర్ కొట్టి, గొంతెత్తి అందుకున్నాను. "కూడు సల్లారిపోయె రారా నాయనా!" ఈశ్వర్ కంజిర దడదడలాడించాడు.

డప్పులు ఆగిపోయాయి. నా పాట వినడానికే ఆపారనుకున్నాను. దేవుడు మనిషికి బుద్ధి ఇవ్వకపోతే పోనీ, కళ్ళైనా ఇచ్చాడు గదా, నేను అవి కూడా వాడలేదు. రెండో చరణం కూడా పాడాను. పడవ తోసేవాళ్ళు చేతులు తీసేశారు. పడవ మీద ఉన్నవాడు కిందికి దూకేశాడు. ఒక ముసలమ్మ దోసిట్లో ఇసక తీసి నా మొహాన కొట్టింది. కంజిర అప్పటికే ఆగింది. చూస్తే ఈశ్వర్ లేడు, స్కూటరూ లేదు.

"ఆపరా!" అని కులపెద్ద అప్పలస్వామి వచ్చి గిటారు మెడ పట్టుకున్నాడు. "ఎవుల్ని పిలస్తన్నావురా నువ్వు? పడవ దిగే యేల ఎవుల్ని పిలస్తన్నావు?"

"మా ఆవిణ్ణి" అన్నాను.

"బతికున్న మనిసికి ఆ పాట పాడతావేట్రా?"

నాకింకా అర్థం కాలేదు. మా అత్తగారు దేముడమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. కొట్టడానికే అనుకుని చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ నా మొహం మీది ఇసక తుడిచింది.

"అది ప్రేమపాట కాదు బాబూ. ఏటకెల్లి మరి రానోడికి పాడీది. శవం కూడా దొరకనోడికి. కూడు ఒండి, ఒడ్డున కూకోని, సందేళ పిలవాల. ఏడాది పిలవాల. అప్పటికీ రాకపోతే ఇసకతో బొమ్మ సేసి కర్మ సేసీసి, ఆ పాట మరి ఒగ్గీవోలె. ఆ పైన పాడితే ఎల్లినోడు ఎల్లనేడు, పడవల్ని సుట్టుకుని తిరుగుతాడు. మాయప్పన్నకి నాను ఏడాది పిలిసినాను. ఆపీసినాను. మరి నీకెవులు నేర్పినారు?"

"నానే."

వేణి. ఆడవాళ్ళ గుంపులోంచి ముందుకు వచ్చింది.

"నాను పాడినాను ఈ మాస్టారింట్లో. మూడేళ్లు." తల్లి వైపు తిరిగింది. "నువ్వు ఆపీసినావమ్మా. నాకు ఆగనేదు. ఈ ఊర్లో నోరు తెరిస్తే తంతారు. ఈయనదొక్కటి తప్ప సంబంధాలన్నీ సముద్రం ఒడ్డువే తెచ్చినారు మీరు. కాశీబుగ్గలో సముద్రం నేదు, పడవల్నేవు. అక్కడైతే అన్నయ్యను పిలుసుకోవచ్చు, ఎవులికీ ఏటీ అవ్వదు అని ఈ మాస్టర్ని సేసుకున్నాను."

నా బి.ఎస్సీ. బి.ఇడి. చూసి చేసుకుందని మూడేళ్ళు మురిశాను. సముద్రం లేనందుకు చేసుకుంది. నాలో ఉన్న సుగుణం అదొక్కటే, అదీ నాది కాదు, ఊరిది.

వేణి నా వైపు తిరిగింది. ఏమండీ అనమని నేను నేర్పిన మాట ఎటో పోయింది.

"మావా. పేటలో పాడనియ్యరు. పట్నంలో నువ్వు పాడనియ్యవు. మరి నానెక్కడ పాడాల?"

ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పకుండా తప్పించుకునే నేర్పు మాస్టర్లకు ఉంటుంది. నేను మాత్రం అందరి ముందూ ఏడ్చాను. ఇసక వల్ల అనుకున్నవాళ్ళు కొందరు ఉంటే వాళ్ళకు నా నమస్కారం.

"మనింట్లో పాడు" అన్నాను. "ట్యూషన్ మానేస్తాను. కాదు, పొద్దున్నకు మారుస్తాను. సాయంత్రం నీది."

అప్పలస్వామి గిటారు మెడ వదిలేశాడు. ఆ రోజు పడవలు దిగడం మానేశారు. గంగమ్మకు మళ్ళీ పూజ చెయ్యాలి, దానికి మేకపోతు నేనే ఇచ్చుకోవాలి. న్యాయమే. "ఊరు దాటినాక ఎవులేటి పాడితే మాకేటి గానీ, ఆకు మాటేటమ్మా?" అని వేణిని అడిగాడు. మామగారి చేతిలో తమలపాకు అప్పటికే వాడిపోయి ఉంది.

"పడవలే దిగనేదు ఈయేల. ఆకు కూడా ఉండనీ" అంది వేణి.

వస్తానని అనలేదు. రానని అనలేదు. నేను బస్సెక్కి వచ్చేశాను. గిటారులోంచి ఇంకా ఇసక రాలుతోంది.

3 జూన్

ఈశ్వర్ వచ్చాడు. కంజిర కూడా అక్కడే పారేసి పరిగెత్తాడట. "మాస్టారూ, దరువు ఎక్కువైపోనాదేటి?" అన్నాడు.

5 జూన్

బావమరిది చావుపాటకి కాలు ఆడించాను. చేపలమ్మే ఆవిడ పాపం, నా పెళ్ళాం సముద్రంలో పోయిందనుకుని చేప దానం ఇచ్చింది. దాన్ని పిల్లికి వేశాను. ఆవిడకు కనబడకుండా బజారుకు వేరే దారిలో వెళుతున్నాను.

8 జూన్, ఆదివారం

వచ్చింది! మధ్యాహ్నం బస్సుకి. ట్రంకు పెట్టెతో. ఇంట్లోకి రాగానే వంటింటి గట్టు చూసి "ఏటిది, జీడిపిక్కల కార్ఖానాలాగున్నాది" అంది. రోజంతా కడిగింది. నేను కాళ్ళు పైకెత్తి కూర్చున్నాను.

10 జూన్

పాడటం లేదు. సాయంత్రం అన్నం వారుస్తుంది, మూత పెడుతుంది, గుమ్మంలో కూర్చుంటుంది. నేను ముందు గదిలో, పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా తెలియని స్థితిలో.

12 జూన్, గురువారం

బడి తెరిచారు. ట్యూషను పొద్దున్నకు మార్చాను. ఇద్దరు మానేశారు, అందులో కిసుక్కుమన్నవాడు ఒకడు. సాయంత్రం ఇంట్లో నేనూ, వేణీ, గడియారం.

"పాడవా?" అన్నాను.

"ఊరంతటికీ తెలిసిపోనాది గదా. అమ్మ ఒట్టేయించుకోబోయింది. ఎయ్యనేదు. గానీ గొంతు రాటం నేదు."

15 జూన్, ఆదివారం

సాయంత్రం వేణి గిటారు తీసి నా ఒళ్ళో పడేసింది. "ఆ రోజు వాయించినావు గదా, వాయించు" అంది. నా చెయ్యి ఏ మైనర్ పట్టుకే పోయింది. "దరువొద్దు. ఆ సివరున్నాది సూడు, రారా అన్నకాడ. అదొక్కటీ వాయించు. గొంతు అందకపోతే అదందుకుంటాది."

ఒక్క తీగ. ఒక్క వేలు. పైనుంచి కిందికి. మొదటిసారి కీచుమంది, వేణి నవ్వింది. ఆ గొడవ తరవాత ఇదే నవ్వడం. రెండోసారి మెట్లు తగిలాయి. ఎన్నోసారో గానీ వేలు మెట్లను మరచిపోయింది. ఆ జారుడు తగలగానే వేణి అన్నం గిన్నె మీద మూత తీసి, గుమ్మంలో కూర్చుని, అందుకుంది. నాకు రాని చరణాలు ఇంకా బోలెడున్నాయి. అన్నిట్లో అప్పన్న పేరుంది. మూడేళ్ళు ఒక్కటీ వినలేదు నేను. ఆమె పాడుతుంటే పంక్తి చివర ఎదురుచూసి, ఆ ఒక్కటీ వాయిస్తూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

కామాక్షమ్మగారు తలుపు దగ్గరికి వచ్చారు. గొడవ చేస్తారేమోనని లేచి ఎదురెళ్ళాను.

"మీ ఆవిడ ఎవర్నండీ అంతలా పిలుస్తోంది?" అని అడిగారు.

"మా బావమరిదినండీ. అన్నానికి."

ఆవిడ వీధిలోకి అటూ ఇటూ తొంగి చూశారు.

"ఇంకా రాలేదా?"

"ఇంకా లేదండీ" అన్నాను.